సూర్యలంకా, వైజాగా? నల్లగొండ నుంచి సముద్రం చూడబోయేవాళ్లకు ఏది మేలు?

మనకు కృష్ణ ఉంది, సాగర్ ఉంది, సముద్రమే లేదు. పిల్లలకు సెలవులు రాగానే చాలా ఇళ్లల్లో మొదట వినిపించే పేరు వైజాగ్. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. చేతిలో రెండు రోజులే ఉంటే వైజాగ్ పెట్టుకోకండి, బాపట్ల దగ్గరి సూర్యలంకకు వెళ్లండి. నాలుగు రోజులు దొరికితే మాత్రం వైజాగే.

ముందు దూరం చూడండి. నల్లగొండ నుంచి వైజాగ్ రోడ్డు మీద 500 కిలోమీటర్లు దాటుతుంది. బాపట్ల అందులో సగం కూడా ఉండదు. పొద్దున్నే బయల్దేరి మిర్యాలగూడ మీదుగా వాడపల్లి చేరితే, మూసీ కృష్ణలో కలిసేది అక్కడే. అగస్త్యేశ్వర స్వామిని దర్శించుకుని కాసేపు కూర్చుంటే ముసలివాళ్లకు ప్రయాణం బరువనిపించదు. కృష్ణ దాటాక దాచేపల్లి, పిడుగురాళ్ల, గుంటూరు. ఆ తర్వాత పొన్నూరులో 24 అడుగుల ఆంజనేయుడు. సాయంత్రం ఎండ తగ్గేసరికి పిల్లలు ఇసుకలో ఉంటారు.

రైలు సంగతికొస్తే మొగ్గు వైజాగ్ వైపే. విశాఖ ఎక్స్‌ప్రెస్ నల్లగొండలో రాత్రి ఎక్కితే పొద్దున అక్కడ దిగొచ్చు. పగటి ప్రయాణం ఇష్టమైనవాళ్లకు జన్మభూమి ఉంది. బాపట్ల వైపు పోయే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ అక్కడికి చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. చిన్న పిల్లలతో ఆ వేళ దిగి ఆటో వెతుక్కోవడం టెన్షన్. అందుకే సూర్యలంకకు కారే నయం, నాలుగైదు కుటుంబాలు కలిస్తే ఒక టెంపో మాట్లాడుకోవచ్చు. పాలమూరు వాళ్లకు లెక్క వేరు. కారులో దూరం బాగా పెరుగుతుంది కాబట్టి, హైదరాబాద్ వచ్చి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రికి రాత్రి వైజాగ్ వెళ్లడమే వాళ్లకు సుఖం.

సముద్రమొక్కటే కావాలంటే సూర్యలంక చాలు. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు. వెడల్పాటి ఇసుక తీరం, తూర్పున నీళ్లలోంచి లేచే సూర్యుడు. బాపట్లలో పాతకాలపు భావనారాయణ స్వామి గుడి, చీరాలలో నేత చీరలు, దాని పక్కనే వాడరేవు తీరం. ఇంతకంటే పెద్దగా చూసేదేమీ లేదు, రెండు రోజులకు అంతకంటే అక్కర్లేదు కూడా. కార్తీక మాసంలో, ముఖ్యంగా పౌర్ణమికి, సముద్ర స్నానాల జనంతో అడుగు పెట్టే సందు ఉండదు. ప్రశాంతంగా గడపాలంటే ఆ రోజులు తప్పించండి.

వైజాగ్‌లో సముద్రం కన్నా దాని చుట్టూ ఉన్నవే ఎక్కువ. ఆర్కే బీచ్‌లో 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి చూడొచ్చు. అంత ఇరుకులో మనుషులు నెలల తరబడి ఎలా బతికారో చూస్తే పెద్దవాళ్లకే ఆశ్చర్యం వేస్తుంది. ఎదురుగా నౌకాదళం వాడిన టీయూ-142 విమానం. ఊరు దాటితే, శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండ బీచ్, ఇంకాస్త ముందుకు పోతే తొట్లకొండ. నాగార్జునకొండ, ఫణిగిరి చూసినవాళ్లు తొట్లకొండను వదలొద్దు. మన దగ్గర కృష్ణ, మూసీ లోయల్లో సాగిన బౌద్ధమే అక్కడ సముద్రానికి ఎదురుగా కొండ మీద కనిపిస్తుంది. ఇక అరకు. సొరంగాల్లోంచి దూరి వెళ్లే రైలు, బొర్రా గుహలు, ఇవన్నీ కలిపి ఒక రోజు మొత్తం తీసుకుంటాయి. రెండు రోజుల వాళ్లను వద్దనడానికి ఇదే కారణం. అరకు వదిలేస్తే మనసు ఒప్పదు, వెళ్తే ఊరు చూడటం కుదరదు.

సూర్యాపేట వైపు వాళ్లకు ఇంకో దారి ఉంది. ఇంటి ముందు పోయే 65వ నంబరు జాతీయ రహదారి నేరుగా మచిలీపట్నం చేరుతుంది, అక్కడి నుంచి మంగినపూడి బీచ్ దగ్గరే. ఇసుకకు బదులు నల్లమట్టి, లోతు తక్కువ నీళ్లు. అందం సూర్యలంకదే. మీ ప్రయాణంలో ముసలివాళ్లుంటే మాత్రం ఇదీ ఆలోచించండి. వీలైతే హంసలదీవి కూడా చూడండి, సాగర్ దాటి వచ్చిన కృష్ణ సముద్రంలో కలిసేది అక్కడే.

ఎక్కడికి వెళ్లినా ఒక్క జాగ్రత్త. కాలువల్లో, బావుల్లో ఈత నేర్చిన మన పిల్లలకు ధైర్యం ఎక్కువ. కానీ వెనక్కి వెళ్లే అల మోకాలి లోతులోనే కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. ఆర్కే బీచ్‌లో అసలు నీళ్లలోకి దిగనివ్వకండి, సూర్యలంకలో పోలీసులు పెట్టిన హద్దు దాటనివ్వకండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం కాబట్టి, బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రెండు చోట్లా హాయిగా ఉంటుంది. సంక్రాంతి సెలవులకు వైజాగ్ అనుకుంటే రైలు టికెట్లు, అరకులో గది చాలా ముందే బుక్ చేసుకోవాలి.