ఇంటెన్సిటీ ప్రో 4కే: పెళ్లి వీడియోల ఎడిటింగ్‌లో కొన్నేళ్ల వాడకం తర్వాత

క్యాప్చర్ కార్డు, అంటే వీడియోను కంప్యూటర్‌లోకి తీసుకునే కార్డు, కొనేవారు ముందుగా అడిగేది 4కే వస్తుందా, సెకనుకు ఎన్ని ఫ్రేములు తీసుకుంటుంది అని. ఆడియో ఎక్కడి నుంచి వినాలి అని అడిగేవారు చాలా తక్కువ. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తూ, పాత క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చే నాకు రోజంతా అవసరమయ్యేది మాత్రం ఆ రెండోదే. బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ వారి ఇంటెన్సిటీ ప్రో 4కే కార్డును ఎంచుకున్నది కూడా దాని వెనుక తగిలించే తీగల కట్టలో స్టీరియో ఆడియోకు ఆర్‌సీఏ (వీసీఆర్, టీవీలకు వాడే ఎరుపు, తెలుపు గుండ్రటి కనెక్టర్లు) ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ ఉన్నాయనే. ఇన్నాళ్లు వాడాక ఇప్పుడు ఎవరైనా అడిగినా మొదట చెప్పే కారణం అదే.

మాంగల్యధారణ వేళ గట్టిమేళం మోగుతుంది. డోలు విద్వాంసుడి కర్ర చర్మం మీద పడడం దగ్గరి షాట్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. దెబ్బ శబ్దం బొమ్మకు రెండు మూడు ఫ్రేములు అటూ ఇటూ అయితే చాలు, కారణం చెప్పలేకపోయినా చూసేవారికి ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది. మన 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ తన ఆర్37 సిఫార్సులో పెట్టిన హద్దు ఏమిటంటే, శబ్దం బొమ్మకంటే 40 మిల్లీసెకన్లకు మించి ముందు రాకూడదు, 60కి మించి వెనకబడకూడదు. ముందు రావడమే ఎక్కువ ఇబ్బంది. దూరంగా కొట్టిన దెబ్బ కాస్త ఆలస్యంగా వినిపించడం మనకు అలవాటే. కర్ర తగలకముందే మోత వినిపించడం మాత్రం ప్రకృతిలో ఎక్కడా లేదు.

ఇక్కడే కార్డు ఆడియో విలువ తెలుస్తుంది. బొమ్మను కార్డు ద్వారా టీవీకి పంపి, శబ్దాన్ని కంప్యూటర్ మదర్‌బోర్డు జాక్ నుంచి వింటే రెండూ రెండు దారుల్లో నడుస్తాయి. వాటి గడియారాలు వేరు, బఫర్లు (డేటాను కాసేపు నిలిపి ఉంచే చోట్లు) వేరు. ఈ రోజు కుదిరిందనుకున్న సింక్ (బొమ్మ, శబ్దం కలిసి నడవడం) రేపు డ్రైవర్ అప్‌డేట్ తర్వాత మారిపోవచ్చు. కార్డు నుంచే రెండూ వచ్చినప్పుడు 48 కిలోహెర్ట్జ్ ఆడియో, వీడియో ఫ్రేములు ఒకే గడియారాన్ని అనుసరిస్తాయి. డావించీ రిజాల్వ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో ఇంజన్‌గా సిస్టమ్ ఆడియో బదులు డెస్క్‌టాప్ వీడియోను (బ్లాక్‌మ్యాజిక్ కార్డుల డ్రైవర్ సాఫ్ట్‌వేర్) ఎంచుకోవాలి. అడోబీ ప్రీమియర్‌లో అయితే ప్లేబ్యాక్ సెట్టింగుల్లో ఆడియోను మెర్క్యురీ ట్రాన్స్‌మిట్‌కు (బొమ్మను, శబ్దాన్ని కార్డుకు పంపే ఏర్పాటు) అప్పగించాలి. ఈ ఒక్క మార్పు చేయకుండా కార్డు బాగాలేదని తీర్పు చెప్పేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

అయితే కార్డు నుంచి కలిసి బయలుదేరినవి మన కంటికీ చెవికీ కలిసే చేరతాయని కాదు. టీవీ బొమ్మను అందుకున్నాక దానికి మెరుగులు దిద్దుతుంది. కదలికలను నునుపు చేసే సౌకర్యం ఆన్‌లో ఉంటే బొమ్మ ఇంకా ఆలస్యమవుతుంది. ఆర్‌సీఏ తీగ నుంచి శబ్దం మాత్రం నేరుగా స్పీకర్‌కు వెళ్లిపోతుంది. కాబట్టి ముందు టీవీని గేమ్ మోడ్‌లో పెట్టి, నునుపు చేసే సౌకర్యాలన్నీ ఆపేయండి. తర్వాత ఎంత తేడా మిగిలిందో కొలవండి. టైమ్‌లైన్‌లో నల్లటి ఫ్రేముల మధ్య ఒకే ఒక తెల్ల ఫ్రేము పెట్టి, సరిగ్గా దాని కింద ఒక ఫ్రేము నిడివి గల బీప్ పెడతాను. దాన్ని ప్లే చేస్తూ ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల వేగంతో చిత్రీకరిస్తాను. ఆ క్లిప్పును మళ్లీ టైమ్‌లైన్‌లో వేసి చూస్తే తెరపై తెలుపు ఎప్పుడు వచ్చింది, ఆడియో గీతలో బీప్ ఎప్పుడు మొదలైంది అన్నది నాలుగు మిల్లీసెకన్ల వరకూ తేలిపోతుంది. ఫోన్‌లోనే కొంత తేడా ఉండవచ్చు గనుక ముందు ఒక చప్పట్లు చరిచే షాట్ తీసి దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఫోన్‌ను స్పీకర్ దగ్గరగానే పట్టుకోవాలి, ఎందుకంటే శబ్దానికి ఒక మీటరు దాటడానికి సుమారు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. గేమ్ మోడ్‌లోనూ టీవీ బాగా వెనకబడుతుంటే, అవుట్‌పుట్‌కు డిలే పెట్టగలిగే డిజిటల్ మిక్సర్‌ను కార్డుకూ స్పీకర్లకూ మధ్య పెట్టడమే సరైన మందు.

శబ్ద నాణ్యత విషయానికొస్తే, మాట స్పష్టంగా ఉంటుంది, నాదస్వరం పైస్థాయిలో గీరుకుపోదు. లెవెల్ విషయంలో మాత్రం తెలుసుకుని కొనాలి. ఆర్‌సీఏ అంటే గృహోపకరణాల స్థాయి, మైనస్ 10 డీబీవీ. స్టూడియో స్పీకర్లు సాధారణంగా ఆశించేది ప్లస్ 4 డీబీయూ. రెండింటికీ దాదాపు 12 డెసిబెళ్ల తేడా. స్పీకర్ వెనుక ఆ రెండు స్థాయిల మధ్య మార్చే స్విచ్ ఉందో లేదో చూసి కొనండి. లేకపోతే స్పీకర్ గెయిన్ (సిగ్నల్‌ను పెద్దది చేసే మోతాదు) బాగా పెంచాల్సి వస్తుంది, దాంతోపాటు బుస్సుమనే శబ్దమూ పెరుగుతుంది. కార్డుకు వాల్యూమ్ నాబ్ లేదు, హెడ్‌ఫోన్ జాక్ లేదు. మధ్యలో ఒక చిన్న మానిటర్ కంట్రోలర్ తప్పనిసరి. నేను దాని నాబ్ మీద ఒక గీత పెట్టుకుని, మిక్స్ చేసేటప్పుడు అక్కడి నుంచి కదపను.

మన ఇళ్లలో, చిన్న స్టూడియోల్లో ఎదురయ్యే మరో సమస్య 50 హెర్ట్జ్ హమ్, అంటే కరెంటు వల్ల స్పీకర్లలో ఆగకుండా వచ్చే గుంయ్‌మనే మోత. నా గదిలోనూ వచ్చింది. కంప్యూటర్ ఒక ప్లగ్గు నుంచి, స్పీకర్లు మరో ప్లగ్గు నుంచి, పైగా టీవీకి కేబుల్ కనెక్షన్ తీగ. ఆ తీగ పైతొడుగు వీధిలో ఎక్కడో మరోచోట ఎర్త్ అయి ఉంటుంది. టీవీ వెనుక ఆ తీగను ఊడదీయగానే హమ్ ఆగిపోయింది. ఆగకపోతే ఆర్‌సీఏ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు వైపుల ఎర్త్‌ల మధ్య సంబంధాన్ని తెంపి, శబ్దాన్ని మాత్రం పంపే పరికరం) పెట్టుకోవచ్చు. ఎర్త్ పిన్ను విరిచేయమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి, అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇక క్యాసెట్ల పని. వీహెచ్ఎస్ పెళ్లి క్యాసెట్ పెట్టి, డెస్క్‌టాప్ వీడియో సెటప్‌లో ఇన్‌పుట్‌ను కాంపోజిట్‌కు (వీసీఆర్ పసుపు వీడియో జాక్), ఆడియోను ఆర్‌సీఏకు మారిస్తే, రికార్డవుతున్నదాన్నే స్పీకర్లలో వింటూ ఉండవచ్చు. ఇది చిన్న సౌకర్యం కాదు. హైఫై వీసీఆర్ టేపు మీది హైఫై ట్రాక్‌నే ముందుగా ఎంచుకుంటుంది. టేపు అరిగిపోయి ఉంటే అందులో గరగరమనే మోత, మధ్యమధ్యలో తెగడం వినిపిస్తుంది. అదే టేపు అంచున ఉండే మామూలు మోనో ట్రాక్ చాలాసార్లు శుభ్రంగా ఉంటుంది. మొదటి నిమిషంలోనే వినబడింది కాబట్టి వీసీఆర్ మీద బటన్ నొక్కి ట్రాక్ మార్చుకుంటాం. మూడు గంటల క్యాసెట్ అంతా అయిపోయాక తెలిస్తే మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి, అరిగిన టేపును ఇంకోసారి అరగదీయాలి. కుదింపు లేకుండా తీసుకుంటే 720×576 వీడియోకే సెకనుకు దాదాపు 21 ఎంబీ, గంటకు 75 జీబీ దాకా అవుతుంది. డిస్కు సిద్ధంగా ఉంచుకోండి. వీహెచ్ఎస్ సిగ్నల్ నిలకడలేనిది, ఈ తరహా కార్డులేవీ దాన్ని ఓపికగా భరించవు. వీసీఆర్‌కూ కార్డుకూ మధ్య టైమ్ బేస్ కరెక్టర్ (టేపు సిగ్నల్‌ను నిలకడగా సరిచేసే పరికరం) ఉంటేనే ఈ పని నెత్తికెత్తుకోవాలని నా నిశ్చితాభిప్రాయం.

ఇది అందరికీ సరిపోయే కార్డు కాదు. 4కేలో 30 ఫ్రేముల వరకే, ఎస్‌డీఐ (స్టూడియో పరికరాలకు వాడే డిజిటల్ వీడియో కనెక్షన్) లేదు, డెస్క్‌టాప్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ కావాలి. క్యాప్చర్ అక్కర్లేదు, టీవీకి బొమ్మ పంపితే చాలంటే అదే కంపెనీ డెక్‌లింక్ మినీ మానిటర్ 4కే ఉంది. కానీ దానికి అనలాగ్ ఆడియో లేదు. శబ్దాన్ని టీవీ హెడ్‌ఫోన్ జాక్ నుంచో, హెచ్‌డీఎంఐ నుంచి ఆడియోను విడదీసే పెట్టె నుంచో తీసుకోవాలి. టీవీ జాక్‌లో ఒక మేలుంది, శబ్దం సాధారణంగా బొమ్మతోపాటే ఆలస్యమై వస్తుంది. ల్యాప్‌టాప్ మీద ఎడిట్ చేసేవారికి అజా టీ-ట్యాప్ ప్రోలో హెడ్‌ఫోన్ జాక్, వాల్యూమ్ నాబ్ రెండూ ఉన్నాయి, అయితే అది కేవలం అవుట్‌పుట్ పరికరం. ఎక్స్‌ఎల్‌ఆర్ (స్టూడియో ఆడియోకు వాడే మూడు పిన్నుల) తీగలతో పెద్ద స్పీకర్లు నడిపేవారు డెక్‌లింక్ స్టూడియో 4కే వైపు చూడాలి.

సెకండ్ హ్యాండ్‌లో ఇంటెన్సిటీ ప్రో 4కే దొరికితే, కార్డుతోపాటు దాని తీగల కట్ట ఉందో లేదో ముందు అడగండి. అనలాగ్ ఆడియో వచ్చేది దాని ద్వారానే. అమ్మేవారి ఎదుటే ఎడమ, కుడి ఆర్‌సీఏలు రెండింటికీ స్పీకర్ తగిలించి, తీగను మొదట్లో కాస్త వంచి, శబ్దం తెగకుండా వస్తోందని విన్నాకే డబ్బు ఇవ్వండి.