లైబ్రరీ గోడకి ఏ తారీకు మేలు? మే 15, జూలై 20, నవంబర్ 9, ఏప్రిల్ 12

మా ఊరి లైబ్రరీ రీడింగ్ రూంలో ఒక గోడ ఖాళీగా ఉందండి, దానిమీద ఏదైనా ఒక్క తారీకు తీసుకుని ఆ రోజున ప్రపంచంలో వేరే వేరే ఏళ్లలో ఏమేం జరిగాయో ఐదారు చార్టులు పెడదాం అని కుర్రోళ్లు అన్నారు. బాగానే ఉంది, ఏ తారీకు అన్నదగ్గరే పేచీ వచ్చింది. రోజుకొకటి మారుద్దాం అంటే కుదరదు, ఫ్లెక్స్ వేయించాలంటే అమలాపురం వెళ్లాలి, డబ్బులు కావాలి, ఒకసారి పెడితే ఏడాది ఉండాల్సిందే. వాట్సాప్‌లో రోజూ పొద్దున్నే వచ్చే "చరిత్రలో ఈ రోజు" మెసేజ్ ప్రింట్ తీసి అంటించేద్దాం అన్నాడొకడు. వద్దు బాబూ అన్నాను, అందులో ఎవరో పుట్టారు ఎవరో పోయారు అని ఇరవై లైన్లు ఉంటాయి, చదివాక ఒక్కటి గుర్తుంటే ఒట్టు.

నాలుగు తారీకులు మిగిలాయి. నాకు తోచింది రాస్తున్నాను, మీరూ చెప్పండి.

మొదటిది మే 15. ఇది ఎవరన్నారో చెప్పక్కర్లేదు, డెల్టాలో ఎవరినడిగినా ఇదే అంటారు, కాటన్ దొర పుట్టినరోజు కదా, 1803. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది, మనం తినే అన్నం ఆ నీళ్లదే, అందులో డౌటేం లేదు. అదే తారీకున 1948లో చుట్టుపక్కల అరబ్ దేశాల సైన్యాలు పాలస్తీనాలోకి దిగాయి, ఇజ్రాయెల్ ఏర్పడిందని ప్రకటించిన మర్నాడే, పాలస్తీనా వాళ్లు ఇప్పటికీ ఆ రోజుని నక్బా, అంటే మహా విపత్తు అని తలుచుకుంటారు. 1988లో అదే రోజు అఫ్ఘానిస్థాన్ నుంచి సోవియట్ సైన్యం వెనక్కి రావడం మొదలైంది. అంతా నిజమే గానీ కాటన్‌కీ కాబూల్‌కీ ఏంటండి సంబంధం? పైగా కాటన్ దొర బొమ్మ మనకి ప్రతి సెంటర్లో ఉంది, జయంతికి దండలు పడుతూనే ఉంటాయి, లైబ్రరీకొచ్చి కొత్తగా తెలుసుకునేదేం లేదు. మే 15 నాడు స్కూళ్లకి సెలవులు, ఆ ఎండకి పిల్లలు కాలవలో ఉంటారు గానీ లైబ్రరీలో ఉండరు. ఇది కొట్టేశాను.

జూలై 20 అంటే కుర్రోళ్లు ఎగిరి గంతేశారు, చంద్రుడి మీద మనిషి దిగిన రోజు, 1969. దాని పక్కన 1976లో అదే తారీకున అమెరికా వాళ్ల వైకింగ్ 1 నౌక అంగారకుడి మీద దిగింది, అది కూడా ఉంది. తమాషా ఏంటంటే వైకింగ్‌ని జూలై 4న దించుదాం అనుకున్నారు, అమెరికాకి రెండొందల ఏళ్లు నిండే రోజని, తీరా ఫొటోలు చూస్తే దిగాల్సిన చోటు ఎగుడుదిగుడుగా ఉందని వాయిదా వేసుకుంటూ వచ్చి 20న దించారు. ఇంకోటి 1944 జూలై 20, స్టాఫెన్‌బర్గ్ అనే జర్మన్ ఆఫీసరు బ్రీఫ్‌కేసులో బాంబు పెట్టుకెళ్లి హిట్లర్ మీటింగు టేబులు కింద పెట్టి బయటికొచ్చేశాడు, ఎవరో ఆ బ్రీఫ్‌కేసుని టేబులు కాలికి అవతలకి జరిపారు, బాంబు పేలింది, నలుగురు చచ్చారు, హిట్లర్ బతికాడు. చార్టుకి భలే ఉంటుంది, కాదనను.

కానీ అసలు ఇబ్బంది వేరే ఉంది. చంద్రుడి మీద ఈగిల్ అనే ఆ నౌక దిగినప్పుడు మనకి టైం రాత్రి 1 గంట 47 నిమిషాలు, అంటే తారీకు 21 అయిపోయింది. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు పెట్టేసరికి మనకి సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నర కావస్తోంది. మా పెదనాన్న ఎప్పుడూ చెప్పేవాడు, ఆ పొద్దున్న పంచాయతీ ఆఫీసు రేడియో దగ్గర జనం మూగారని, నాట్లకి వెళ్లాల్సినవాళ్లు కూడా కదల్లేదని. ఆయన లెక్కలో అది 21. మన గోడ మీద మన ఊళ్లో 20 అని రాస్తే ఆయన తరం వాళ్లు వచ్చి చూసి అదేంట్రా అంటారా అనరా? పోనీ ఇది పక్కన పెట్టినా జూలై మూడో వారం అంటే గోదారికి వరద సీజను. 2022లో సరిగ్గా ఆ రోజుల్లోనే లంకలన్నీ మునిగి జనం పడవల మీద తిరిగారు. ఆ టైంలో ప్రారంభోత్సవం పెట్టుకుంటే ఎవరొస్తారు.

మధ్యలో లైబ్రేరియన్ గారు ఏప్రిల్ 23 అన్నారు, ప్రపంచ పుస్తక దినోత్సవం, షేక్స్‌పియర్ సెర్వాంటెస్ ఇద్దరూ 1616లో ఒకే రోజు పోయారు అని. వినడానికి బావుంది గానీ అప్పటికి స్పెయిన్‌లో కొత్త క్యాలెండరు, ఇంగ్లండులో పాతది, రెండింటికీ పది రోజులు తేడా. కాగితం మీద తారీకు ఒకటే, రోజులు వేరు. దాన్ని అక్కడితో వదిలేశాం.

ఇప్పుడు అసలు పోటీ, నవంబర్ 9కీ ఏప్రిల్ 12కీ.

నవంబర్ 9 రిటైర్డ్ సోషల్ మాస్టారి పట్టు. ఆయన పాయింటు నిజంగా గట్టిది. మిగతా తారీకుల్లో సంఘటనలు దేని దారి దానిదే, ఇందులో మాత్రం ఒకదాన్నొకటి లాక్కొచ్చాయి, అదీ ఒకే దేశంలో. 1918 నవంబర్ 9న జర్మనీలో చక్రవర్తి దిగిపోయాడని ప్రకటన వచ్చింది, షైడమన్ అనే నాయకుడు పార్లమెంటు కిటికీలోంచి ఇక మనది రిపబ్లిక్ అని జనానికి చెప్పేశాడు. ఆ రిపబ్లిక్ అంటే పడనివాళ్లలో హిట్లర్ ఒకడు, ఐదేళ్లకి 1923లో మ్యూనిక్‌లో తిరుగుబాటు మొదలెట్టాడు, 9న పోలీసులు కాల్పులు జరిపి అణిచేశారు, అతని మనుషులు పదహారు మంది చచ్చారు. అధికారంలోకి వచ్చాక ఏటేటా ఆ రోజున మ్యూనిక్‌లో పాత కాపులంతా చేరి సంస్మరణ జరుపుకునేవాళ్లు. 1938లో కూడా అలాగే చేరారు, అదే సాయంత్రం పారిస్‌లో ఒక యూదు కుర్రాడు కాల్చిన జర్మన్ దౌత్యవేత్త చనిపోయాడని కబురొచ్చింది, హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ అక్కడే లేచి రెచ్చగొట్టాడు, ఆ రాత్రే దేశమంతా యూదుల గుళ్లు తగలబెట్టారు, కొట్లు పగలగొట్టారు, ముప్ఫై వేలమంది దాకా మగవాళ్లని పట్టుకెళ్లి క్యాంపుల్లో పడేశారు. అంటే పార్టీ పెద్దలంతా ఆ రాత్రి ఒకేచోట ఉన్నారంటే అది ఆ తారీకు వల్లే.

తర్వాత 1989. ఇది మాత్రం అనుకోకుండా కుదిరింది. అప్పటికి జర్మనీ రెండు ముక్కలు, మధ్యలో బెర్లిన్ గోడ. తూర్పు బెర్లిన్‌లో షబోవ్‌స్కీ అని కమ్యూనిస్టు పార్టీ ప్రతినిధి, ప్రెస్ మీట్‌కి వెళ్తుంటే చేతిలో ఒక కాగితం పెట్టారు, దాన్ని సరిగ్గా చదువుకోకుండానే కూర్చున్నాడు. మీటింగు చివర్లో ఆ కాగితం తీసి, ఇకమీదట జనం సరిహద్దు దాటి వెళ్లొచ్చు అని చదివాడు. ఎప్పటినుంచి అని విలేకర్లు అడిగారు. కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసుకుని, నాకు తెలిసినంతవరకు ఇప్పట్నుంచే, వెంటనే అనేశాడు. అసలు మర్నాడు పద్ధతి ప్రకారం వీసాలిచ్చి పంపుదాం అని వాళ్ల ప్లాను! టీవీలో అది విని జనం గేట్ల దగ్గరకి పోటెత్తారు, కాపలావాళ్లకి పైనుంచి ఆర్డరు లేదు, ఫోన్లు చేసి చేసి విసిగిపోయి రాత్రి పదకొండున్నర ప్రాంతంలో బోర్న్‌హోమర్ వీధి గేటు ఎత్తేశారు. ఒక గుమాస్తా స్థాయి పొరపాటుకి బెర్లిన్ గోడ పోయింది అన్నమాట. తర్వాత రెండు జర్మనీలు కలిశాక జాతీయ దినం నవంబర్ 9న పెట్టుకోలేకపోయారు, 1938 గుర్తొస్తుంది కదా, అక్టోబర్ 3 పెట్టుకున్నారు.

చెప్పుకోవడానికి దీన్ని మించిన తారీకు లేదు, ఒప్పుకుంటాను. మరి నేనెందుకు వద్దంటున్నానంటే, ఇది మొదట్నుంచి చివరిదాకా చెప్పేవాడుంటేనే కథ. మాస్టారు పక్కన నిలబడి చెప్తే అద్భుతం, ఆయన ఇంటికెళ్లిపోయాక చార్టు చూసిన ఆరో క్లాసు పిల్లాడికి నాలుగు జర్మన్ పేర్లు, కాలిపోతున్న బిల్డింగు తప్ప ఏం కనపడదు. ఇంకోటి, మన వైపు నవంబర్ మొదటి పదిరోజులు అంటే పెద్దవాళ్లకి గుర్తొచ్చేది వేరే. 1996 నవంబర్ 6 రాత్రి తుఫాను కోనసీమని ఊడ్చేసింది, వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి తోటలకి తోటలు నేలకి పడిపోయాయి. దానికి మూడు రోజుల తర్వాత తారీకు గోడ మీద పెట్టి, 6 సంగతి లేకుండా బెర్లిన్ గురించి రాస్తే మనవాళ్లకి ఏమనిపిస్తుందో ఆలోచించండి. పైగా గేటు ఎత్తేటప్పటికి మనకి తెల్లారుజామున నాలుగు, అంటే ఇది కూడా 10వ తారీకే!

ఏప్రిల్ 12 నా ఓటు. 1961లో గగారిన్, అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మనిషి, మొత్తం 108 నిమిషాలు. మన టైంలో పొద్దున్న 11.37కి లేచి మధ్యాహ్నం ఒకటిన్నర లోపే నేల మీద ఉన్నాడు, అక్కడా ఇక్కడా ఒకటే తారీకు, గొడవ లేదు. దిగడం కూడా వింతే, క్యాప్సూల్‌లో కాదు, ఏడు కిలోమీటర్ల ఎత్తులో సీటుతో సహా బయటికొచ్చి విడిగా పారాచూట్‌తో దిగాడు, ఆ సంగతి సోవియట్ వాళ్లు చాలా ఏళ్లు దాచారు. దిగింది వోల్గా నది దగ్గర పొలాల్లో, అక్కడ ఒక ముసలావిడ, ఆరేళ్ల మనవరాలు ఆరెంజి సూటు, తెల్ల హెల్మెట్ చూసి జడుసుకుంటే భయపడకండి నేను మీవాడినే అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఈ ఒక్క బొమ్మ చాలు, పిల్లలు ఆగి చూస్తారు. ఇరవై ఏళ్లకి 1981లో సరిగ్గా అదే రోజు అమెరికా మొదటి స్పేస్ షటిల్ కొలంబియా లేచింది, అసలైతే 10న లేవాలి, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి కలవక రెండు రోజులు ఆగింది, లేకపోతే తారీకు కలిసేదే కాదు.

1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పోయాడు. ఆయనకి పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి, పోలియో పరిశోధనకి డబ్బు పోగేసే సంస్థ 1938లో ఆయనే పెట్టాడు. ఆ డబ్బుతో సాల్క్ అనే డాక్టరు చేసిన టీకాని సుమారు 18 లక్షల మంది పిల్లలతో పరీక్షించి, అది పనిచేస్తోంది అని ప్రకటించింది 1955 ఏప్రిల్ 12న, రూజ్‌వెల్ట్ పోయిన పదేళ్లకి. మాస్టారు అన్న "లాక్కురావడం" ఇందులోనూ ఉంది చూడండి, జర్మనీలో లాగా రక్తంతో కాదు. ఆ రాత్రే టీవీలో పేటెంటు ఎవరిదని అడిగితే సాల్క్ జనానిదే అన్నాడు, సూర్యుడికి పేటెంటు తీసుకోగలమా అన్నాడు. ఆ నెలలోనే ఒక కంపెనీ తయారుచేసిన టీకాలో బతికున్న వైరస్ మిగిలిపోయి కొంతమంది పిల్లలకి జబ్బు తగిలింది, అది కూడా చార్టులో రాయాలి, దాచకూడదు. మన ఊళ్లో ఆదివారాలు వేసే చుక్కలు సాల్క్‌వి కావు, సాబిన్ అనే ఇంకో డాక్టరు తర్వాత చేసినవి, ఇప్పుడు మనకి ఇంజెక్షన్ కూడా ఇస్తున్నారు. మన దేశంలో ఆఖరి కేసు 2011 జనవరిలో హౌరా దగ్గర, 2014లో పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. అంగన్‌వాడీ ఆయమ్మకి చెప్తే ఈ చార్టు పక్కన తనే నిలబడి చెప్తానంది.

మాస్టారిని చివరికి పడేసింది ఇవేవీ కావు, 1861. ఏప్రిల్ 12 తెల్లవారుజామున చార్లెస్టన్ రేవులో సమ్టర్ కోట మీద ఫిరంగులు పేల్చారు, అమెరికా అంతర్యుద్ధం మొదలైంది, ఆఖరికి బానిసత్వం పోయింది. అమెరికా దక్షిణాది రేవుల్ని ఉత్తరాది వాళ్లు మూసేసేసరికి ఇంగ్లండు మిల్లులకి పత్తి లేదు, మన పత్తికి గిరాకీ వచ్చింది, కాకినాడ రేవు ఆ నాలుగేళ్లు పత్తి ఎగుమతులతో వెలిగింది. ఎక్కడో అమెరికా కోట మీద పేలిన గుండు కాకినాడ రేవులో బేళ్లు కదిలించింది అంటే మాస్టారు కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే ఆ చార్టు నేను రాస్తాను" అన్నారు.

ఒంటిపూట బడులు కాబట్టి ఏప్రిల్ 12 మధ్యాహ్నం పిల్లలు ఖాళీ, అదొక కలిసొచ్చే సంగతి. నవంబర్ 9ని పూర్తిగా వదల్లేదు లెండి, కార్తీకంలో ఒక సాయంత్రం పెద్దవాళ్ల కోసం మాస్టారి చేతే చెప్పిద్దాం, ఆ ముందు 96 తుఫాను చూసినవాళ్లు మాట్లాడాలి, బెర్లిన్ ఆ తర్వాత.

ప్రతి చార్టు కింద అక్కడి టైం, మన టైం రెండూ వేయాలని నేను గట్టిగా చెప్పాను, అక్కర్లేదని ఫ్లెక్స్ డిజైన్ చేసే కుర్రాడు గొణిగాడు, చోటు సరిపోదట. రూజ్‌వెల్ట్ పోయేసరికి మనకి అర్ధరాత్రి దాటి 13 వచ్చేసింది. జూలై 20ని అదే వంకతో కొట్టేసి దీన్ని ఊరికే వదిలేస్తామా, అక్షరాలు చిన్నవైనా సరే అక్కడ 13 పడాల్సిందే.