తప్పులో మీ వాటా ఉంటే: పరిహారం పూర్తిగా పోతుందా, కొంత తగ్గుతుందా?

ప్రమాదంలో గాయపడి పరిహారం అడిగిన మనిషి తప్పు కూడా కొంత ఉందని కోర్టు తేలిస్తే ఏమవుతుంది? ఆ చోట నడిచే పద్ధతిని బట్టి ఉంటుంది.

పాత పద్ధతి చాలా కఠినం. దాని మూలం ఇంగ్లండులో 1809 నాటి తీర్పు. రోడ్డుకు అడ్డంగా ఎవరో కర్ర పెట్టారు, గుర్రం మీద వేగంగా వచ్చినవాడు దానికి తగిలి పడ్డాడు. జాగ్రత్తగా వస్తే కర్ర కనపడేదని కోర్టు అంది, అతనికి పైసా ఇప్పించలేదు. ఈ లెక్కన బాధితుడి తప్పు 5 శాతమే అయినా దక్కేది సున్నా. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. ఇంగ్లండే 1945లో చట్టం చేసి దీన్ని వదిలేసింది. అమెరికాలో అలబామా, మేరీలాండ్, వర్జీనియా, నార్త్ కరోలినా రాష్ట్రాలు మాత్రం ఇంకా పట్టుకునే ఉన్నాయి.

రెండోది వాటాల పద్ధతి. నష్టం 1,00,000 డాలర్లు, మీ తప్పు 30 శాతం అయితే 70,000 వస్తాయి. కాలిఫోర్నియాలో తప్పు 90 శాతం ఉన్నా మిగతా 10 శాతం అడగొచ్చు. టెక్సాస్‌లో 50 శాతం దాటితే ఏమీ రాదు.

ఇక్కడ పోరంతా ఆ శాతం మీదే. అవతలివాళ్ల బీమా కంపెనీ మీ తప్పు వాటా పెంచాలనే చూస్తుంది. అందుకే ప్రమాదం జరిగిన చోటి ఫొటోలు, సాక్షుల వివరాలు ఆ రోజే సేకరించి పెట్టుకోండి.