రిమోట్ పోతే టైమ్ కూడా మార్చుకోలేని టేబుల్ రేడియో

సౌండ్‌కి వంక పెట్టలేమండీ, అది ముందే చెప్పేస్తా. అన్నయ్య అమెరికా నుంచి నాన్నగారి కోసం పంపించిన టేబుల్ రేడియో ఇది, ఏఎం, ఎఫ్ఎం, సీడీ, బ్లూటూత్ అన్నీ ఉన్నాయి, ఘంటసాల గారి పద్యం వస్తుంటే వంటింట్లో ఉన్నవాళ్ళకి కూడా గొంతు చీలకుండా వినిపిస్తుంది. కంపెనీ పేరు మాత్రం రాయను. ఇదే పద్ధతిలో చేసిన సెట్లు చాలా కంపెనీలవి ఉన్నాయి, ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు.

గొడవంతా గడియారంతోనే. సెట్ మీద పవర్, సోర్స్, వాల్యూమ్, అలారం, ఇవే బటన్లు. టైమ్ మార్చాలంటే మెనూలోకి వెళ్ళాలి, మెనూ రిమోట్‌లోనే ఉంది. ఆ రిమోట్ ఏటీఎం కార్డు సైజులో పల్చగా ఉంటుంది, ఇల్లు మారిన హడావిడిలో ఎందులో పోయిందో పోయింది. ప్లగ్ పీకి కొత్తింట్లో పెట్టాక 12:00 అని ఒకటే మిణుకు మిణుకు. బ్యాకప్ బ్యాటరీ లేదా అంటారేమో, లేదు, ఇంత ఖరీదు పెట్టి అది పెట్టకపోవడం ఏంటో నాకు అర్థం కాదు. కరెంటు నిమిషం పోయినా మళ్ళీ 12:00.

పాటలు వినడానికైతే టైమ్ దేనికి అనుకోవచ్చు. నాన్నగారికి పొద్దున్నే అలారంతో రేడియో దానంతటదే మోగాలి, మొహం కడుక్కుని కాఫీ తాగేసరికి 6:45 ప్రాంతీయ వార్తలు రావాలి, ఆ తర్వాత 7:05 కి జాతీయ వార్తలు. ఫోన్‌లో వినండి నాన్నగారూ అంటే వినరు. మేం ఉండేది కాకినాడ, మన దేశం టైమంతా లెక్కకట్టే 82.5 డిగ్రీల గీత మా ఊరి పక్కనుంచే పోతుందని చిన్నప్పుడు స్కూల్లో చెప్పేవారు, అలాంటి ఊళ్ళో ఉండి ఇంట్లో రేడియోకి టైమ్ తెలీకపోవడమేంట్రా అని ఆయన వెక్కిరింపు.

సరే ఇక రిమోట్ లేకుండా ఏం చెయ్యొచ్చో చెప్తా, ఇలాంటి సెట్ ఇంట్లో ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. ముందు సెట్ మీదున్న ఒక్కో బటన్‌నీ కాసేపు నొక్కిపట్టి చూడండి, చాలా సెట్లలో క్లాక్ బటనో అలారం బటనో అలా నొక్కిపడితే గంటలు బ్లింక్ అవుతాయి, వాల్యూమ్ నాబ్‌తో తిప్పుకోవచ్చు. మాదాంట్లో అలాంటిదేం లేదు. రెండోది, కాస్త నవ్వొచ్చే ఉపాయం గానీ పనిచేస్తుంది, ప్లగ్ పెట్టగానే 12:00 నుంచి లెక్క మొదలెడుతుంది కదా, కాబట్టి సరిగ్గా పన్నెండింటికే ప్లగ్ పెట్టడం. ఇందులో ఒక మెలిక ఉంది. అమెరికా సెట్‌కి ఆ 12:00 అంటే అర్ధరాత్రి, మా తమ్ముడు మధ్యాహ్నం పన్నెండింటికి పెట్టాడు, అంకెలన్నీ కరెక్టే గానీ పొద్దున మోగాల్సిన అలారం సాయంత్రం టీవీ చూస్తుంటే మోగింది. పెడితే రాత్రి పన్నెండింటికే పెట్టాలి. మళ్ళీ కరెంటు పోతే మళ్ళీ రాత్రి కూర్చోవాలి, వానాకాలంలో ఇది అయ్యే పనేనా?

బజార్లో యూనివర్సల్ రిమోట్ అని అమ్ముతారు, అవి ఎక్కువగా టీవీలకీ సెట్‌టాప్ బాక్సులకీ, రేడియో కోడ్‌లు ఉండవు. లెర్నింగ్ రిమోట్ అని ఇంకోటి ఉంటుంది, దేనికైనా పనిచేస్తుందంటాడు షాపువాడు, చాలావరకు నిజమే, కానీ దానికి నేర్పడానికి అసలు రిమోట్ ఎదురుగా పట్టుకోవాలి. అదే ఉంటే దీంతో పనేముందండీ!

మాకు పని జరిగింది ఫోన్‌తో. షావోమీ, రెడ్‌మీ, పోకో ఫోన్లలో చాలావాటికి పైన చిన్న ఇన్‌ఫ్రారెడ్ లైట్ (రిమోట్ ముందు ఉండేలాంటిదే) ఉంటుంది, మీ ఫోన్‌కి ఉందో లేదో చూసుకోండి. రిమోట్ యాప్‌లో ఆడియో సెట్ల లిస్టులోకి వెళ్ళి మీ కంపెనీ పెట్టి ఒక్కో కోడూ నొక్కుకుంటూ పోవాలి, రేడియో ఆన్ అయిందంటే ఆ కోడ్ దొరికినట్టే. మెనూ బటన్ అన్ని కోడ్‌లలో ఉండదు, పవర్ పనిచేసిందని ఆగిపోకుండా తర్వాతవి కూడా చూడాలి. నాన్నగారు పక్కనే కూర్చుని ఇదిగో వచ్చింది, అయ్యో పోయింది అంటూ కామెంటరీ. మొత్తానికి టైమ్ పెట్టాం. రిమోట్ పోలేదు గానీ పనిచెయ్యట్లేదు అనేవాళ్ళయితే దాన్ని ముందు ఫోన్ సెల్ఫీ కెమెరాకి ఎదురుగా పెట్టి బటన్ నొక్కి చూడండి, లైటు మెరిసినట్టు కనిపిస్తే రిమోట్ బానే ఉన్నట్టు, కనిపించకపోతే రిమోట్‌లో బ్యాటరీ మార్చి చూడండి. ఈ కార్డు రిమోట్లకి ఎక్కువగా పడేది సీఆర్ 2025, మూడు వోల్టుల బిళ్ళ.

మీ వాళ్ళెవరైనా అమెరికా నుంచి పాత రేడియో తెస్తామంటే వెనకున్న లేబుల్ ఫొటో తీసి పంపమనండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూఇటూ ఊగుతుందో ఆ లెక్క) అని మాత్రమే ఉంటే ఆలోచించుకోవాలి. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటాంలే అంటారు, అది వోల్టేజే తగ్గిస్తుంది, హెర్ట్జ్‌ని ఏం చెయ్యదు. పాత క్లాక్ రేడియోలు చాలావరకు కరెంటు హెర్ట్జ్‌నే లెక్కపెట్టి టైమ్ నడుపుతాయి, అక్కడ 60, ఇక్కడ 50, అంటే గంటకి పది నిమిషాలు వెనక పడుతుంది. రోజుకి నాలుగు గంటలు! రిమోట్ ఉండి కూడా అలాంటిదాన్ని సరిచెయ్యలేం, 50/60 స్విచ్ ఏదైనా ఉంటే తప్ప. మాది అడాప్టర్ మీద నడిచేది, 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, టైమ్‌కి లోపల సొంత క్రిస్టల్ (చేతి గడియారాల్లో టైమ్ నడిపేలాంటిదే) ఉంది, అందుకని ఆ బాధ లేదు.

మీడియం వేవ్, అంటే ఏఎం దగ్గర ఇంకో చిక్కు. అమెరికాలో ఏఎం స్టేషన్లు పది కిలోహెర్ట్జ్‌కి ఒకటి, మన దగ్గర తొమ్మిదికి ఒకటి. విజయవాడ 837, విశాఖపట్నం 927, ఈ సెట్‌లోనేమో 840, 930 అనే అంకెలే వస్తాయి. స్టేషన్ దొరికినా గొంతు గరగర. మెనూలో ఏఎం స్టెప్ అని ఉంది, తొమ్మిదికి మార్చాక విజయవాడ శుభ్రంగా పలుకుతోంది. ఇదీ రిమోట్ మెనూలోనే చూడండి, రేడియో కొన్న మనిషి రేడియో వినడానికి కావాల్సింది కూడా!

సౌండ్‌కి ఐదుకి ఐదు, గడియారానికి ఒకటి, అది కూడా అంకెలు దూరానికి కనిపిస్తాయని. పెద్దవాళ్ళ కోసం కొనేవాళ్ళు షాపులోనే సెట్ మీద గంట, నిమిషం బటన్లు ఉన్నాయా, బ్యాకప్ సెల్‌కి చోటుందా చూడండి, ఈ రెండూ ఉంటే సౌండ్ కాస్త తక్కువైనా నేనైతే అదే తీసుకుంటా.

అమెరికా సెట్ ఉన్నవాళ్ళు మెనూ తెరుచుకున్నప్పుడే డీఎస్‌టీ (ఎండాకాలంలో గడియారాల్ని గంట ముందుకి జరిపే అక్కడి పద్ధతి) అన్నది ఆఫ్ చేసెయ్యండి. లేకపోతే మార్చి రెండో ఆదివారం గడియారం దానంతటదే గంట ముందుకి దూకుతుంది, మళ్ళీ నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి వస్తుంది.