ట్యూరింగ్ మీద రెండు సినిమాలు: ఏది నిజానికి దగ్గర?

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సంకేతాలు ఛేదించిన బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త ఆలన్ ట్యూరింగ్ కథ చూడాలంటే 'ది ఇమిటేషన్ గేమ్' (2014) ఒకటి, 'బ్రేకింగ్ ది కోడ్' (1996) ఇంకొకటి. నా ఓటు పాతదానికే.

కొత్తదాంట్లో టెన్షన్ బాగా పండింది, కానీ కల్పన ఎక్కువ. చర్చిల్‌కి ట్యూరింగ్ ఒక్కడే ఉత్తరం రాసినట్టు చూపించారు; 1941 నాటి అసలు ఉత్తరం మీద సంతకాలు నలుగురివి. సంకేతాలు ఛేదించే యంత్రం పేరు 'క్రిస్టఫర్' అన్నారు. నిజానికి మొదటిదాన్ని 'విక్టరీ' అనేవారు. ఇవి పోనీలే అనుకోవచ్చు. రష్యా గూఢచారి కెయిర్న్‌క్రాస్ బెదిరిస్తే ట్యూరింగ్ నోరు మూసుకున్నాడనడం మాత్రం అన్యాయం. కెయిర్న్‌క్రాస్ కూడా సంకేతాలు ఛేదించే కేంద్రమైన బ్లెచ్‌లీ పార్క్‌లోనే పనిచేశాడు గానీ, ట్యూరింగ్ టీమ్‌లో కాదు.

పాతదాంట్లో, ట్యూరింగ్‌తో కలిసి పనిచేసి కొన్నాళ్లు ఆయనతో నిశ్చితార్థమైన జోన్ క్లార్క్ పేరే మార్చేశారు. అయినా 1952 ఘట్టం సరిగ్గా ఉంది: ఇంట్లో దొంగతనం జరిగిందని ట్యూరింగే పోలీసులకు చెప్పి, మాటల్లో ఒక మగవాడితో తన సంబంధం సంగతీ (అప్పట్లో అక్కడ అది నేరం) బయటపెట్టేస్తాడు. కొత్తదాంట్లో డిటెక్టివ్ ఆయన్ని రష్యా గూఢచారేమోనని తవ్వుతాడు. యంత్రాల హడావిడి కావాలంటే పాతది చప్పగా ఉంటుంది. నాటకం నుంచి వచ్చింది మరి, అంతా మాటలే.