"నాటు ఆనప విత్తనం" అని కొన్నాను. కాలనీ అంతా అనుభవిస్తోంది

విశాఖలో డాబా తోటలు వేసేవాళ్లకి ఈ మాట. నిరుడు మే నెలాఖరున ఓ మొక్కల మేళాలో "నాటు ఆనప" అని చేతిరాత చీటీ అంటించిన కవరు కొన్నాను. పది గింజలు 50 రూపాయలు. బీర, బెండ, వంగ కూడా కలిపి 200 అయ్యింది. అమ్మినాయన "మా తాతల నాటి విత్తనమండీ, మీరూ దాచుకోండి" అన్నాడు. ఆ మాటకే పడిపోయాను.

రాత్రి గిన్నెలో నానబెడితే తెల్లారేసరికి నీళ్లు రోజ్‌మిల్క్‌లా తయారయ్యాయి. అక్కడే ఆగాల్సింది. బూడిదలో కలిపి దాచుకున్న గింజకి ఆ రంగెక్కడిది? బూజు పట్టకుండా థైరమ్ లాంటి మందు పట్టించిన గింజకి, పొరపాటున ఎవరూ తినకుండా, కంపెనీలు రంగు కలుపుతాయి. రంగుంటే హైబ్రిడ్డేనని, అంటే రెండు రకాల్ని కలిపి పుట్టించిన విత్తనమేనని కాదు గానీ, తాతగారి అటక మీంచి దిగింది మాత్రం కాదు.

అయినా పాదు పెట్టేశాను. కాపు అదిరింది. అన్నీ ఒకే సైజు, మూరెడు పొడుగు. ఒక కాయ ముదరబెట్టి, గింజలు తీసి ఆరిళ్లకి పంచాను, మహా గొప్పగా. ఈ ఏడు ఒకరికి సీసాలా, ఒకరికి బంతిలా, ఇంకొకరికి వంకర కొడవలిలా కాశాయి. హైబ్రిడ్ మొదటి తరం అచ్చు గుద్దినట్టు కాస్తుంది. దాని గింజ మళ్లీ పెడితే ఏ పాదు దారి దానిదే.

నా 200 పోతే పోయింది. పక్క డాబా పెద్దమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకుని ఏళ్లుగా నిలుపుకుంటున్న గుండ్రటి ఆనప కూడా పాడైంది, అదీ నా బాధ. ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, నిరుడు పురుగులు నా పాదు పుప్పొడిని ఆవిడ పాదుకి మోసేశాయి. ఆ కాయల గింజలే పెడితే, ఈ ఏడు ఆవిడ కాయలకి మెడలొచ్చాయి. "ఇదేం కాయే, కొంగలా ఉంది" అని ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చిక్కుడు, టమాటా అయితే చాలావరకు తమ పువ్వుతోనే కాస్తాయి, ఇంత గొడవుండదు.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే "మీది ఉప్పు గాలండీ, అందుకే" అన్నాడు. తర్వాత నంబరు బ్లాక్.

లేబుల్ లేదని నేను తప్పుపట్టను. రైతు తన విత్తనం బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చని 2001 నాటి చట్టమే చెబుతోంది. కానీ ఏ ఊరిది, ఎప్పుడు తీసింది, తల్లికాయ ఎలా ఉంటుంది అని అడగండి. నిజంగా దాచుకున్నవాళ్లు ఆపమన్నా ఆపరు, కథంతా చెప్తారు. కొన్నాక ముందు రెండు గింజలు తడి గుడ్డతో రుద్ది చూడండి. విత్తనానికి కాయ ఉంచాలంటే, మర్నాడు విచ్చుకునే ఆడ మొగ్గకీ మగ మొగ్గకీ ముందే గుడ్డ సంచి కట్టి, సాయంత్రం మీ చేత్తోనే పుప్పొడి అద్ది, ఆడపువ్వుకి మళ్లీ కట్టేయండి. కొత్త గింజ కాయని రెండో ఏడు చూడకుండా ఎవరికీ పంచొద్దు.

ఆనందపురం దగ్గర పెద్దమ్మ చెల్లెలి ఇంట్లో పాత ఎండు కాయ ఒకటి దొరికింది. పురుగు తినగా మిగిలినవి 11 గింజలు, మొలిచినవి నాలుగు. వాటి కాయలొచ్చేదాకా నన్నెవరూ ఆనప గింజలు అడక్కండి.