తుపాను రకం తెలుసుకోవడానికి విండీ యాప్ ఎంతవరకు పనికొస్తుంది?

శ్రీకాకుళం తీరంలో అక్టోబరు వచ్చిందంటే వాతావరణ యాప్ తెరవని ఇల్లు తక్కువ. వాటిలో నేను ఎక్కువగా నమ్ముకున్నది విండీ. 2014లో చెక్ దేశంలో మొదలైన ఈ సేవ ప్రపంచ పటం మీద గాలి దిశను కదిలే సన్నని గీతలుగానూ, వేగాన్ని రంగులుగానూ చూపిస్తుంది. సోంపేట ప్రాంతంలో ఉండే నాకు దీనితో రెండు పనులున్నాయి. వర్షాకాలం ముగిసే నెలల్లో బంగాళాఖాతం మీద ఒక కన్నేసి ఉంచడం మొదటిది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో అమెరికాలోని బోస్టన్ దగ్గర కాపురముంటున్న మా అమ్మాయి ఊరి వాతావరణం చూసుకోవడం రెండోది. ఈ రెండు చోట్లా వచ్చేవి పెద్ద తుపానులే అయినా వాటి పుట్టుక వేరు, నడక వేరు, నష్టం చేసే తీరు వేరు. ఆ తేడాను చూపించే సామగ్రి అంతా విండీలో ఉంది కానీ, తెరవగానే కనిపించే మొదటి పటంలో మాత్రం అది లేదు.

ఆ మొదటి పటంలో, అంటే నేలమట్టపు గాలి పటంలో, శీతాకాలంలో అట్లాంటిక్ మీద పుట్టే తుపాను ఎర్రని, ఊదా రంగు సుడిలా తిరుగుతూ అచ్చం మన తుపానులాగే కనిపిస్తుంది. ఒక టీవీ ఛానెల్ వారు జనవరిలో అలాంటి పటాన్నే చూపించి అమెరికా మీద హరికేన్, అంటే అట్లాంటిక్‌లో పుట్టే మన తుపాను లాంటిది, విరుచుకుపడుతోందని చెప్పడంతో, పిల్లలు అక్కడ ఉన్న మా బంధువుల ఇళ్లలో ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. గంటకు 119 కిలోమీటర్లు దాటిన గాలిని హరికేన్ స్థాయి గాలి అంటారన్నది నిజమే, చలికాలపు తుపానుల్లో గాలి ఆ వేగాన్ని అందుకోవడమూ మామూలే. అయితే అది గాలి వేగానికి సంబంధించిన కొలత మాత్రమే. ఒక తుపాను హరికేన్ అవునా కాదా అన్నది దానికి శక్తి ఎక్కడి నుంచి అందుతోందన్న దాన్ని బట్టి తేలుతుంది.

మన బంగాళాఖాతపు తుపానుకైనా, అట్లాంటిక్ హరికేన్‌కైనా శక్తినిచ్చేది వెచ్చని సముద్రమే. పైపొర నీరు సుమారు 26.5 డిగ్రీలకు మించి వేడిగా ఉన్నప్పుడు ఆవిరి పైకి లేచి, మేఘాలుగా మారే క్రమంలో తనలోని వేడిని వదులుతుంది. ఆ వేడి వల్ల తుపాను నడిబొడ్డు చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చగా మారుతుంది, కేంద్రంలో పీడనం ఇంకా పడిపోతుంది, చుట్టూ గాలి మరింత వేగంగా తిరుగుతుంది. అందుకే అతి బలమైన గాలి తుపాను కన్ను, అంటే మధ్యలో ప్రశాంతంగా ఉండే భాగం, చుట్టూ గోడలా నిలిచే మేఘాల్లోనే ఉంటుంది, తీరం దాటి నీటి ఆవిరి అందకపోయేసరికి తుపాను నీరసిస్తుంది. విండీలో దీన్ని చూడాలంటే సముద్ర ఉష్ణోగ్రత పటం తెరిచి, ఆ తర్వాత ఉష్ణోగ్రత పటంలో పక్కనున్న ఎత్తు మీటను 500 హెక్టోపాస్కల్ (ఇది గాలి పీడనపు కొలత, పైకి వెళ్లేకొద్దీ తగ్గుతుంది) దాకా, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్ల ఎత్తుకు జరపాలి. బలమైన తుపాను అయితే సరిగ్గా కేంద్రం మీద ఒక వెచ్చని మచ్చ విడిగా కనిపిస్తుంది.

అదే పనిని బోస్టన్ వైపు వచ్చే శీతాకాలపు తుపాను మీద చేసి చూస్తే సాధారణంగా ఆ మచ్చ ఉండదు. ఎత్తును 850 హెక్టోపాస్కల్ దగ్గర, అంటే ఒకటిన్నర కిలోమీటరు మీద ఉంచితే, కెనడా నుంచి దిగే గడ్డకట్టే గాలి ఒక పక్కా, అట్లాంటిక్‌లోని గల్ఫ్ స్ట్రీమ్ అనే ప్రవాహపు వెచ్చని నీటి మీది గాలి మరో పక్కా నిలబడి, వాటి నడుమ ఉష్ణోగ్రత రంగులు చీర కుచ్చిళ్లలా దగ్గర దగ్గరగా ముడుచుకుని కనిపిస్తాయి. ఆ తేడాయే దాని శక్తి. పైన పది కిలోమీటర్ల ఎత్తులో పరిగెత్తే జెట్ స్ట్రీమ్ అనే వేగమైన గాలి ప్రవాహం దానికి ఊతమిస్తుంది, ఆ పటమూ ఇదే మీటతో తెరుచుకుంటుంది. సముద్రపు వేడి మీదే ఆధారపడదు కాబట్టి ఇలాంటి తుపాను నేల మీద కూడా బలపడగలదు; బలమైన గాలి కేంద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో కూడా వీస్తుంది. ఒక్క రోజులో కేంద్ర పీడనం సుమారు 24 హెక్టోపాస్కల్ పడిపోతే (అక్షాంశాన్ని బట్టి ఆ సంఖ్య కొంత మారుతుంది) దాన్ని బాంబ్ సైక్లోన్ అంటారు. 2012 అక్టోబరులో వచ్చిన శాండీ తుపాను హరికేన్‌గా ప్రయాణించి, న్యూజెర్సీ తీరాన్ని తాకడానికి కొద్దిసేపటి ముందు ఈ రెండో రకంలోకి మారింది. ఈ రెండు రకాల మధ్య దారి మూసి ఉండదనడానికి అంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

మన తీరానికి శీతాకాలంలో అలాంటివి రావు, ఎందుకంటే ఇక్కడ చల్లగాలికీ వెచ్చగాలికీ అంత తేడా ఏర్పడదు. కశ్మీర్, హిమాచల్‌లో మంచు కురిపించే పశ్చిమ కల్లోలాలు మాత్రం ఆ కుటుంబానికి చెందినవే. మన జిల్లా నుంచి సైన్యంలో చేరి అక్కడ పనిచేస్తున్నవారి ఇళ్లవారికి ఈ పటం ఉపయోగపడుతుంది.

ఈ తేడా తెలిస్తే యాప్‌లో ఏం వెతకాలో తెలుస్తుంది. మన తుపానుకు కేంద్రం దారే ముఖ్యం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో, ఒక్కో విసురులో 165 దాకా గాలి వీచింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో ఏళ్ల తరబడి పెంచుకున్న కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి, జీడితోటలు నేలమట్టమయ్యాయి, విజయనగరం పట్టణం వైపు మాత్రం ఆ స్థాయి నష్టం లేదు. యాభై కిలోమీటర్లు అటూ ఇటూ అయితే ఫలితం మారిపోతుంది. అదే శీతాకాలపు తుపానుకు కేంద్రం ఎక్కడ దాటుతుందన్న ప్రశ్నకు అంత విలువ లేదు; వానకూ మంచుకూ మధ్య ఉండే గీత ఊరికి ఏ పక్కన పడుతుందన్నదే అసలు సంగతి. బోస్టన్‌లో అది కాస్త లోపలికి జరిగితే వానతో పోతుంది, సముద్రం వైపు జరిగితే మోకాలి లోతు మంచు పడుతుంది. అందుకే నేను అక్కడికి గాలి పటం మానేసి, కొత్తగా పడే మంచు పటం చూస్తాను.

ఇక లోపాల విషయానికి వస్తే, ఇవి విండీ కంటే అది చూపించే లెక్కల నమూనాలకు, అంటే పటాన్ని గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి వాతావరణాన్ని అంచనా వేసే కంప్యూటర్ లెక్కలకు, చెందినవి. యూరప్ నమూనా సుమారు 9 కిలోమీటర్ల గళ్లతో, అమెరికా నమూనా ఇక్కడ 22 కిలోమీటర్ల గళ్లతో కనిపిస్తాయి. వందల కిలోమీటర్లు పరుచుకునే శీతాకాలపు తుపానుకు ఆ గళ్లు సరిపోతాయి. మన తుపాను కన్ను ఇరవై ముప్ఫై కిలోమీటర్లే ఉండవచ్చు, దాని చుట్టూ ఉండే అతి బలమైన గాలి పట్టీ ఇంకా సన్ననిది, కనుక ఆ గళ్లలో దాని తీవ్రత తగ్గి కనిపించే అవకాశం ఉంది. అంటే నాకు అంతగా తెలియని బోస్టన్ తుపాను విషయంలో ఈ యాప్‌ను నేను ఎక్కువగా నమ్మగలుగుతున్నాను, మా ఇంటి కప్పును ఎత్తుకుపోగల తుపాను విషయంలో తక్కువగా. ఇది యాప్ తెరిచే ప్రతి ఉద్దానం (మా తీరపు కొబ్బరి, జీడి తోటల ప్రాంతం) రైతూ గుర్తుంచుకోవలసిన సంగతి. నాలుగైదు రోజుల ముందు రెండు నమూనాలనూ పక్కపక్కన పెట్టి పోల్చే సదుపాయం ఉంది, అవి కలవకపోతే దారి ఇంకా తేలలేదని అర్థం చేసుకోవాలి.

కాబట్టి వేటకు వెళ్లాలా మానాలా, ఇల్లు ఖాళీ చేయాలా అన్న నిర్ణయాలు విశాఖపట్నం తుపాను హెచ్చరిక కేంద్రం బులెటిన్ల ప్రకారం, కళింగపట్నం రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబరు ప్రకారం జరగాలి. అక్కడ వాయుగుండం, తీవ్ర వాయుగుండం, గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను అన్న వర్గాలు స్పష్టంగా ఉంటాయి. మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు గాలిని లెక్కిస్తుంది, అమెరికా సంస్థలు ఒక నిమిషం సగటును చెబుతాయి. ఒకే తుపానుకు రెండు అంకెలు కనిపించినప్పుడు కంగారు పడనక్కర్లేదు.

ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తాను. తుపాను ఎలాంటిదో అర్థం చేసుకోవాలనుకునే విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ, దూర దేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులకూ ఇంతకంటే మంచి ఉచిత సాధనం నాకు కనిపించలేదు. తీరం దాటే రోజున మాత్రం కరెంటు, సెల్ టవర్లు ముందే పోతాయి కాబట్టి ఫోన్లను ముందు రోజే పూర్తిగా ఛార్జ్ చేసి, పటాల స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకుని, బ్యాటరీలతో నడిచే రేడియోను అందుబాటులో ఉంచుకోండి.